తొమ్మిది వందల మర్రులు, తొమ్మిది వేల ఫైళ్లు

అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా బీజాపూర్ రోడ్డు పక్కన దాదాపు 900 మర్రిచెట్లను పర్యావరణ ప్రేమికులు లెక్కగట్టారు. రోడ్డు విస్తరణలో అవి పోకూడదని ఒక్కో చెట్టు ఉన్న చోటును నమోదు చేసి, జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. చెట్టు తరఫున సాక్ష్యం చెప్పేది ఆ నమోదే. అందుకే దాన్ని భద్రపరిచే తీరు నాకు చిన్న విషయంగా తోచదు.

ఇలాంటి సర్వేలో చెట్టుకు పది చిన్న ఫైళ్లు, అంటే చిన్న సైజు ఫొటోలూ కొలతలూ ఉన్నాయనుకుందాం. మొత్తం 9,000. ఒక్కోటి 20 కేబీ అయితే అంతా కలిపి 180 ఎంబీ. ఒకే ఫైలుగా రాస్తే మామూలు హార్డ్ డిస్క్‌కు ఒకటి రెండు సెకన్ల పని. విడివిడిగా రాస్తే మాత్రం నిమిషాలు పడుతుంది. ఎందుకని?

ఆలస్యమంతా లెక్కల రాతలో ఉంది. ప్రతి కొత్త ఫైలుకూ ఫోల్డర్‌లో పేరు ఎక్కాలి, ఖాళీ చోటు కేటాయించాలి, సైజూ సమయమూ నమోదు కావాలి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్‌లో సూది సరైన చోటికి చేరడానికి సుమారు 12 మిల్లీసెకన్లు పడుతుంది. ఫైలుకు రెండుసార్లు కదిలినా 9,000 ఫైళ్లకు మూడున్నర నిమిషాలు దాటుతుంది. ఎస్‌ఎస్‌డీలో సూది ఉండదు కనుక వేగం చాలా ఎక్కువే. కానీ ఈ లెక్కల రాత అక్కడా తప్పదు. విండోస్‌లోనైతే యాంటీవైరస్ కూడా ప్రతి ఫైలునూ తెరిచి చూస్తుంది.

చోటూ వృథా అవుతుంది. 32 జీబీ దాటిన మెమరీ కార్డుల్లో ఫైలుకు కేటాయించే కనీస చోటు, అంటే ఒక గది, సాధారణంగా 128 కేబీ కంటే చిన్నగా ఉండదు. రెండు వాక్యాల నోట్ కూడా ఒక గదంతా ఆక్రమిస్తుంది.

పాత పట్వారీ సర్వే నంబరుకో పుస్తకం పెట్టలేదు. ఊరంతటికీ ఒకే పహాణీ, నంబరుకో వరుస. కంప్యూటర్‌లో ఆ పని ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ చేస్తుంది: వేల నోట్లూ చిన్న బొమ్మలూ ఒకే ఫైలులో ఇముడుతాయి. 10 కేబీ ప్రాంతపు బొమ్మల మీద దాన్ని తయారుచేసినవాళ్లే కొలిచి, విడి ఫైళ్లకంటే సుమారు 35 శాతం వేగమనీ, చోటు 20 శాతం తక్కువనీ చూపారు. అప్పటికే 26,000 కోట్ల బొమ్మలున్న ఫేస్‌బుక్ కూడా 2010లో వివరించిన హేస్టాక్ పద్ధతిలో ఫొటోలను పెద్ద ఫైళ్లలో గుదిగుచ్చింది.

అసలు కీలకం ఇంకోటి. ఆపరేటింగ్ సిస్టమ్ రాతలను కాసేపు మెమరీలో ఉంచి, కూడబెట్టి డిస్క్‌కు పంపుతుంది. మన ప్రోగ్రాం ప్రతి ఫైలుకూ ‘ఇప్పుడే డిస్క్ మీదికి చేర్చు’ అని పట్టుబడితే ఆ మేలంతా పోతుంది. ఎస్‌క్యూలైట్‌లోనూ అంతే, ఒక్కో వరుసకు ఒక్కో ట్రాన్సాక్షన్ (ఒకేసారి ఖాయం చేసే రాతల మూట) పెడితే నత్తనడకే. ఐదొందల వరుసలకు ఒకటి చాలు. మధ్యలో కరెంటు పోతే ఆ ఐదొందలే మళ్లీ ఎక్కించుకోవాలి.

కెమెరా తీసిన పెద్ద అసలు ఫొటోలను విడిగానే ఉంచండి, వాటికి ఈ బాధ లేదు. ఎస్‌క్యూలైట్ ఫైలుకు నకలు తీసేటప్పుడు మాత్రం జాగ్రత్త: రాత నడుస్తుండగా మామూలుగా కాపీ చేస్తే ఆ నకలు పాడవ్వచ్చు. అందులోనే ఉన్న బ్యాకప్ ఆదేశం వాడండి.