పోర్టు అంటే... ఏ పోర్టు?

నెల్లూరు బస్టాండులో ముత్తుకూరు బస్సు బయల్దేరే వేళ. 'యాడికబ్బయా?' అంటాడు కండక్టరు. 'పోర్టు కాడికి' అంటాడు కుర్రాడు. ఆ పక్క సెల్‌ఫోన్ల దుకాణంలో ఇంకొకాయన 'సిగ్నల్ రావడం లేదయ్యా, నా నంబరు పోర్టు పెట్టెయ్' అంటుంటాడు. పై అంతస్తులోని కంప్యూటర్ మెకానిక్ 'యూఎస్‌బీ పోర్టు పోయింది' అని తేల్చేస్తాడు. కొడుకు పాస్‌పోర్టు వచ్చిందన్న సంబరంలో ఉన్న తల్లి ఎయిర్‌పోర్టుకు కారెంతవుతుందో ఆరా తీస్తుంటుంది.

ఇన్ని పోర్టులున్నాయి కదా... వీటిలో నీళ్లున్నది ఒక్కదాంట్లోనే!

రేవంటే గుమ్మం

ఇంగ్లిషులోకి ఈ మాట లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో 'పోర్టుస్' అంటే రేవు. 'పోర్టా' అంటే గుమ్మం. రెండూ ఒకే కుదురు మాటలు. సముద్రం మీద నుంచి వచ్చేవాడికి రేవే కదా ఆ దేశపు గుమ్మం! కంప్యూటర్‌కు తీగలు తగిలించే రంధ్రాన్ని పోర్టు అనడమూ అందుకే. సమాచారం లోపలికి వచ్చే, బయటికి వెళ్లే గుమ్మం అది. 'పాస్‌పోర్టు' ఫ్రెంచి మాట. గుమ్మమో రేవో దాటి వెళ్లనివ్వమని చెప్పే చీటీ.

పోర్చుగల్ దేశం పేరులోనూ రేవుంది. 'పోర్టుస్ కాలే' అన్న పాత రేవు పేరే అలా మారింది. అక్కడి పోర్టో నగరం నుంచి ఎగుమతయ్యే తియ్యటి ద్రాక్షసారాయికి 'పోర్ట్ వైన్' అన్న పేరు స్థిరపడింది.

ఓడలో ఎడమ పక్కనూ పోర్టనే అంటారు. పూర్వం ఓడను నడిపే పెద్ద తెడ్డు కుడివైపు ఉండేది. అది గట్టుకు తగిలి విరగకుండా ఎడమ పక్కను రేవుకు ఆనించేవారు. ఎడమను మొదట్లో 'లార్‌బోర్డ్' అనేవారు, కుడి పక్క 'స్టార్‌బోర్డ్'. గాలివానలో కేక వేస్తే రెండూ ఒకేలా వినపడేవి. కుడి అంటే ఎడమకు తిప్పితే ఇంకేమైనా ఉందా! అందుకే 1844లో బ్రిటిష్ నౌకాదళం ఎడమను పోర్టు అనాలని ఆదేశించింది. రాత్రివేళ ఓడకు పోర్టు వైపు ఎర్రదీపం, స్టార్‌బోర్డు వైపు పచ్చదీపం నేటికీ వెలుగుతాయి.

మోసేవన్నీ పోర్టులే

లాటిన్‌లోనే 'పోర్టారే' అని మరో మాట ఉంది. మోయడం, తీసుకెళ్లడం అని అర్థం. పై రెండింటికీ ఇది దూరపు చుట్టం. రైల్వేస్టేషన్లో పెట్టె మోసే పోర్టరు ఈ ఇంటివాడే. లోపలికి మోసుకొస్తే ఇంపోర్టు, బయటికి మోసుకెళ్తే ఎక్స్‌పోర్టు, ఒకచోటి నుంచి మరోచోటికి చేరవేస్తే ట్రాన్స్‌పోర్టు. చూసింది మోసుకొచ్చి చెబితే రిపోర్టు. కింద ఉండి మోస్తే సపోర్టు! నంబరు మారకుండా ఫోను కంపెనీని మార్చుకునే పోర్టబిలిటీ కూడా మోతే. 2011 జనవరి 20న ఆ సదుపాయం దేశమంతటా వచ్చాక 'పోర్టు పెట్టడం' మన పల్లెల్లోనూ వాడుక మాటైపోయింది.

స్వర్గం కాదు, రేవు

పోర్టుకు ఇంగ్లిషులో పర్యాయపదాలు చాలానే ఉన్నాయి. అయితే ఏదీ అచ్చంగా దానికి బదులు రాదు. హార్బర్ అంటే ఓడలకూ పడవలకూ అలల నుంచి రక్షణ దొరికే చోటు. పోర్టు అంటే సరుకు ఎక్కి దిగే, సుంకం కట్టే వ్యాపార స్థలం. అందుకే కృష్ణపట్నంలో ఉన్నది పోర్టు, బోగోలు మండలం జువ్వలదిన్నెలో కట్టింది ఫిషింగ్ హార్బర్. ఓడ వచ్చి ఆగే చోటు బెర్త్. రైల్లో మనం నడుం వాల్చే బెర్తూ ఓడల నుంచి దిగిన మాటే.

'హేవెన్' అన్నా రేవే. నల్లడబ్బు వార్తల్లో 'ట్యాక్స్ హేవెన్' అన్న మాట తరచూ వస్తుంది. దాన్ని 'పన్ను స్వర్గం' అంటున్నాం. స్వర్గం 'హెవెన్', ఇది 'హేవెన్'. పన్నుల తుపాను తగలకుండా డబ్బు తలదాచుకునే రేవన్నమాట!

మనకూ తక్కువేం లేదు

తెలుగులో నీళ్లలోకి దిగే చోటల్లా రేవే. స్నానాల రేవు, పడవల రేవు, చాకిరేవు, ఓడరేవు. ఎవరినైనా దులిపేస్తే 'చాకిరేవు పెట్టాడు' అంటాం. నౌకాశ్రయం అంటే నౌకకు ఆశ్రయం. హార్బర్‌కు ఇంతకన్నా చక్కటి తెలుగు మాట ఉండదేమో.

ఇక పట్నం. కృష్ణపట్నం, దుగరాజపట్నం, మచిలీపట్నం, విశాఖపట్నం... సముద్రం పక్కన వెలసిన బేరసారాల ఊళ్లకు ఈ పేరు అతికింది. ఆ తర్వాత ఏ పెద్ద ఊరైనా పట్నమే అయింది. నెల్లూరు వైపు పెద్దవాళ్లు 'పట్నం పోయొస్తా' అన్నారంటే అది చెన్నపట్నమే. తీరం పొడవునా చేపలు పట్టి బతికే పట్టపు వాళ్ల కులం పేరు కూడా ఈ పట్నం నుంచే వచ్చిందంటారు.

ఇంగ్లిషు మన తీరానికి ఇచ్చింది 'పోర్టు'. ఈ తీరం ఇంగ్లిషుకు ఇచ్చింది 'కాటమరాన్'. దుంగల్ని తాళ్లతో కట్టిన తెప్పను తమిళులు కట్టుమరం అంటారు. ఆ మాటే ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగింది.

రేవున్నా సరుకు లేక...

రేవు, మోత... ఈ రెండు అర్థాల మధ్య తేడా ఏమిటో వాకాడు మండలం దుగరాజపట్నం చరిత్ర చెబుతుంది. 1626లో ఈస్టిండియా కంపెనీవాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. దీనికి వాళ్లు పెట్టిన పేరు ఆర్మగాన్. తమకు సాయపడిన ఆర్ముగం మొదలియారు పేరే అలా మారిందని చెబుతారు. ఓడలు నిలవడానికి అనువైన చోటే. కానీ కంపెనీకి కావలసిన బట్టలు చాలినన్ని దొరకలేదు. ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెతుక్కుంటూ వెళ్లి, 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి మద్రాసులో స్థలానికి అనుమతి పొందాడు. మరుసటి ఏడాది కంపెనీ మకాం అక్కడికి మారింది.

తమాషా ఏమిటంటే, మద్రాసులో సహజమైన రేవే లేదు. ఓడలు దూరంగా సముద్రంలోనే నిలిచేవి. మనుషులూ సరుకులూ మసులా పడవల్లో అలల మీద ఎగిరిపడుతూ ఒడ్డుకు చేరేవారు. అయినా బట్ట దొరికింది కనుక అదే మహానగరమైంది. రేవున్న ఊరు పల్లెగా మిగిలింది, రేవు లేని ఊరు పట్నమైంది!

దుగరాజపట్నం పేరు మళ్లీ వినిపించింది 2014లో. అక్కడ కొత్త పోర్టు కడతామని, 2018కల్లా తొలి దశ పూర్తిచేస్తామని రాష్ట్ర విభజన చట్టంలో రాశారు. 2018 వచ్చింది, వెళ్లింది. పోర్టు మాత్రం రాలేదు.

గాలి ఎటు వీస్తోంది?

కండలేరు ఉప్పుటేరు కడలిలో కలిసే కృష్ణపట్నం కథ వేరు. ఒకప్పుడు చిన్న రేవు. 2008లో పెద్ద పోర్టుగా మొదలైంది. ఇప్పుడు బొగ్గు దిగుతుంది, దగ్గర్లోనే కరెంటు తయారవుతుంది, వంటనూనెల కర్మాగారాలు వెలిశాయి. రేవూ ఉంది, సరుకూ ఉంది. కానీ రేవుకూ పోర్టుకూ ఒక తేడా ఉంది. రేవులోకి ఎవరైనా దిగొచ్చు. పోర్టుకు గేటుంటుంది, గేటు దగ్గర పాసు అడుగుతారు. ఓడలు తిరిగే దారిలో వల వేయకూడదు. 'మా పిల్లలకు లోపల ఎన్ని ఉద్యోగాలు?' అన్న ప్రశ్న చుట్టుపక్కల పాళేలది.

దానికి తగిన మాట కూడా పోర్టులోనే ఉంది. 'ఆపర్చునిటీ'. అవకాశం అని బడిలో నేర్చుకుంటాం. దాని మూలం లాటిన్‌లో 'రేవు వైపు'. తెరచాపల కాలంలో నావను రేవు వైపు నడిపే గాలి వీచడమే నావికుడికి దక్కే అదృష్టం. ఆ గాలే మాట అర్థం మారి అవకాశమైంది.

ముత్తుకూరు బస్సెక్కిన కుర్రాడి సంచిలో సర్టిఫికెట్లున్నాయో, అన్నం క్యారియరుందో తెలియదు. 'పోర్టు కాడికి' అన్నప్పుడు అతను అడిగింది టిక్కెట్టే. గాలి కూడా అటే వీస్తే అంతకన్నా కావలసిందేముంది!