16 పాయింట్ల తేడా: ఆ సర్వే ఆవిడ చేసిన తప్పేంటి?

అమెరికా అధ్యక్ష ఎన్నిక 2028 నవంబర్ 7న. బోలెడు టైముంది. కానీ మీ ఫోన్‌లో మాత్రం అప్పుడే మొదలైపోయి ఉంటుంది. "రిపబ్లికన్లలో వాన్స్ టాప్", "డెమొక్రాట్లలో న్యూసమ్ ముందంజ", "హారిస్ మళ్లీ రేసులోకి?" అంటూ ఏదో ఒక సర్వే కార్డు స్క్రీన్ మీదికి వస్తూనే ఉంటుంది. వాన్స్ భార్య ఉషా చిలుకూరి కుటుంబ మూలాలు తణుకు దగ్గర వడ్లూరులో ఉన్నాయి కాబట్టి ఆయన మనవాళ్లకి "ఆంధ్రా అల్లుడు" అయిపోయాడు. అల్లుడుగారికి రెండు శాతం పెరిగినా మనకి వార్తే మరి!

ఈ కార్డులు మా ఫ్యామిలీ గ్రూపులోకీ వస్తాయి. "ఇది నమ్మొచ్చా?" అని నన్నే అడుగుతారు. అవునని గానీ కాదని గానీ ఒక్క ముక్కలో చెప్పలేను. అందుకే ఆన్ సెల్జర్ కథ చెప్తాను.

అమెరికా మధ్యలో అయోవా అని ఒక రాష్ట్రం ఉంది. మొక్కజొన్న చేలు, పందుల ఫారాలు, దాదాపు 32 లక్షల జనాభా. అధ్యక్ష ఎన్నికలో దానికున్నవి 6 ఎలక్టోరల్ ఓట్లే. అక్కడి 'డెమోయిన్ రిజిస్టర్' పత్రికకి దశాబ్దాలపాటు సర్వేలు చేసిపెట్టింది సెల్జర్. ఆవిడ అంకె బయటికొస్తే వాషింగ్టన్‌లో పెద్ద పెద్ద వ్యూహకర్తలు కూడా చేస్తున్న పని ఆపి చూసేవాళ్లు. ఊరికే కాదు.

2008 జనవరిలో అయోవాలో డెమొక్రాట్ల తొలి పోటీ. అందరి నోటా హిల్లరీ క్లింటన్ పేరే. సెల్జర్ మాత్రం ఒబామా 32, హిల్లరీ 25 అంది. ఎప్పుడూ రానివాళ్లు ఈసారి ఓటేయడానికి వస్తారని ఆవిడ లెక్క. చాలామంది వెటకారం చేశారు. తీరా చూస్తే ఒబామా గెలిచాడు, హిల్లరీ మూడో స్థానానికి పడిపోయింది. 2016లో అయోవాలో ట్రంప్‌కి 7 పాయింట్ల ఆధిక్యం ఉందని చెప్పింది. ఆయన 9 పాయింట్లతో గెలిచాడు. 2020లో మిగతా సర్వేలు నువ్వా నేనా అంటుంటే ఆవిడ మళ్లీ ట్రంప్‌కి 7 అంది; వచ్చింది 8. ప్రతిసారీ గుంపుకి దూరంగా నిలబడింది, ప్రతిసారీ దాదాపు సరిగ్గా చెప్పింది. 2018 గవర్నర్ ఎన్నికలో మాత్రం ఆవిడ ముందున్నాడని చెప్పిన అభ్యర్థి ఓడిపోయాడు. ఆ ఒక్కటీ జనం పెద్దగా పట్టించుకోలేదు.

ఇక 2024 నవంబర్ 2. పోలింగ్‌కి మూడే రోజులు. మనకి ఆదివారం తెల్లవారుజాము. నేను ఫోన్ తెరిచేసరికి అన్నిచోట్లా ఒకటే స్క్రీన్‌షాట్: అయోవాలో హారిస్ 47, ట్రంప్ 44.

ఇది ఎలాంటి షాకో చెప్పాలంటే, అయోవాలో ట్రంప్ గెలుస్తాడన్నది అప్పటికి ఎవరూ చర్చించడం కూడా మానేసిన విషయం. రెండుసార్లు హాయిగా గెలిచిన రాష్ట్రం. అక్కడే వెనకబడితే పక్కనున్న విస్కాన్సిన్, ఆ పైన మిషిగన్ పరిస్థితేంటి? సెల్జర్ లెక్కలో 65 దాటిన మహిళల్లో హారిస్‌కి ట్రంప్ కంటే రెండింతలకు పైగా మద్దతు ఉంది. దాంతో డెమొక్రాట్లకి పండగ. "సెల్జర్ చెప్పిందంటే చెప్పిందే" అంటూ రీల్స్. ట్రంప్ అయితే ఆ అంకెని కొట్టిపారేశాడు.

నవంబర్ 5న ఓట్లు లెక్కపెట్టారు. అయోవాలో ట్రంప్ 13 పాయింట్లతో గెలిచాడు. అంటే సర్వేకీ ఫలితానికీ మధ్య 16 పాయింట్ల తేడా. అయోవా సంగతి అలా ఉంచితే, ఏడు కీలక రాష్ట్రాలూ ఆయన ఖాతాలోకే వెళ్లాయి.

మరి అంత పేరున్న మనిషి లెక్క ఎక్కడ తప్పింది?

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. సర్వే కూడా అదే పని. సెల్జర్ ఆఖరి సర్వేలో మాట్లాడింది 808 మందితో. 32 లక్షల మంది ఉన్న రాష్ట్రానికి 808 చాలా? చాలు, మెతుకు సరైన చోట పట్టుకుంటే. ఆ సైజు సర్వేలో ఒక్కో అభ్యర్థి అంకె 3.4 పాయింట్లు అటూ ఇటూ కావచ్చు. చాలామంది గమనించని చిక్కు ఇక్కడే ఉంది. ఒకరిది పైకి, ఇంకొకరిది కిందికి జరిగితే ఇద్దరి మధ్య తేడా దాదాపు 7 పాయింట్లు మారిపోతుంది. అంటే "హారిస్‌కి 3 ఆధిక్యం" అన్న మాటకి అసలు అర్థం, ట్రంప్ 4తో ముందుండటం దగ్గర్నుంచి హారిస్ 10తో ముందుండటం దాకా ఏదైనా కావచ్చని. ఆ సంగతి ఏ కార్డు మీదా రాయరు. సరే, అది కలిపి చూసుకున్నా 13కి చేరదు. కాబట్టి ఇది కేవలం దురదృష్టం కాదు. గిన్నెలో ఒక పక్క ఉడికింది, ఇంకో పక్క ఉడకలేదు. చేతికి దొరికినవన్నీ ఒకే పక్క మెతుకులు.

డెమోయిన్‌లో ఇన్సూరెన్స్ కంపెనీలు ఎక్కువ. మా బాబాయి కొడుకు అక్కడే ఐటీలో పనిచేస్తాడు. సర్వే ఫోన్ ఎప్పుడైనా వచ్చిందా అని అడిగితే నవ్వాడు. "అన్నా, ఎలక్షన్ టైమ్‌లో తెలీని నంబర్ ఎవడెత్తుతాడు? ఎత్తితే ఇద్దరు చందా అడుగుతారు, మూడోవాడు ఏదో ఒకటి అమ్ముతాడు." మీరు మాత్రం ఎత్తుతారా? ట్రూకాలర్‌లో ఎర్రగా కనిపిస్తే నేనూ ఎత్తను. ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్క చూడండి: 1997లో వాళ్లు 100 నంబర్లకి చేస్తే 36 మంది సమాధానం చెప్పేవాళ్లు, 2018కి అది 6కి పడిపోయింది. ఫోన్ ఎత్తే ఆ కొద్దిమందీ ఎత్తని వాళ్లలాగే ఓటేస్తే గొడవే లేదు. ట్రంప్ ఓటర్లలో చాలామందికి పత్రికలన్నా సర్వేలన్నా నమ్మకం లేదు. వాళ్లు ఎత్తరు. ఎత్తినా పెట్టేస్తారు.

దీనికి చాలా సంస్థలు ఒక మందు కనిపెట్టాయి. "గతసారి ఎవరికి వేశారు?" అని అడుగుతారు. 2020లో ట్రంప్‌కి వేసినవాళ్లు తక్కువ దొరికితే, దొరికినవాళ్ల మాటకి బరువు పెంచుతారు. 2024లో ఆ మందు చాలావరకు పనిచేసింది. సెల్జర్ మాత్రం దాన్ని ముట్టుకోలేదు. వయసు, ఆడామగా, ప్రాంతం వరకే సరిచేసి, మిగతాది జనం చెప్పింది చెప్పినట్టు వదిలేసేది. నిన్నటి ఎన్నికని అచ్చుగా పెట్టుకుని రేపటిదాన్ని పోస్తే, కొత్తగా వచ్చేవాళ్లు కనపడరని ఆవిడ వాదన. 2008లో ఒబామా కనపడింది కూడా ఆ పద్ధతిలోనే కదా! పైగా గతసారి ఎవరికి వేశారంటే జనం నిజం చెప్తారని గ్యారంటీ ఏంటి? ఫలితాలొచ్చాక మన ఊళ్లో ఎవర్ని కదిపినా గెలిచినాయనకే వేశామంటారు. ఎక్కడైనా మనుషులు మనుషులే.

నన్ను అడిగితే, 2024లో సెల్జర్ అంకె తప్పు, కానీ ఆవిడ చేసిన పని తప్పు కాదు. ఆ అంకె చేతికొచ్చినప్పుడు అది అందరి లెక్కకీ అడ్డంగా ఉందని ఆవిడకి తెలుసు. దాన్ని మూలన పడేయొచ్చు, కొంచెం నొక్కి 'ట్రంప్‌కి 5' అనొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు, పరువూ పోయేది కాదు. ఆవిడ అచ్చేయించింది.

మిగతావాళ్లలో ఎంతమంది అలా చేశారు? ఎన్నికకి కొద్దిరోజుల ముందు నేట్ సిల్వర్ అనే సర్వేల విశ్లేషకుడు ఇదే లేవనెత్తాడు. కీలక రాష్ట్రాల్లో వచ్చే ప్రతి సర్వే "ఒక పాయింట్ అటు, సమానం, ఒక పాయింట్ ఇటు" అనే చెప్తోంది, మామూలుగా ఇలా జరగడం అసాధ్యం అన్నాడు. లెక్క సింపులే. పోటీ నిజంగానే సరిసమానంగా ఉందనుకోండి. 800 మందితో 100 సర్వేలు చేస్తే, వాటిలో దాదాపు సగం ఎవరో ఒకరికి రెండున్నర పాయింట్లకి మించి ఆధిక్యం చూపించాలి. మెతుకు పట్టి చూడటంలో ఆమాత్రం ఊగిసలాట సహజం. అన్నీ ఒకేలా వస్తున్నాయంటే ఎవరో పక్కవాడి పేపర్లో చూసి రాస్తున్నారన్నమాట. దీన్ని అమెరికాలో మందగా నడవడం అంటారు. మందలో నడిచే సర్వేలు ఇరవై ఉన్నా ఒక్క సర్వేతో సమానమే.

వింత ఏంటంటే, ఆ ఎన్నిక మీద కోట్ల డాలర్లు గెలిచిన మనిషి సర్వే చేయించిన తీరే వేరు. పాలీమార్కెట్‌లో ట్రంప్ మీద దాదాపు 3 కోట్ల డాలర్లు కాసిన ఒక ఫ్రెంచ్ వ్యాపారి, 'తియో' అన్న మారుపేరుతో పత్రికలకెక్కాడు. "మీరు ఎవరికి వేస్తారు?" అని కాకుండా "మీ ఇరుగుపొరుగు ఎవరికి వేస్తారనుకుంటున్నారు?" అని సర్వే చేయించాడు. తన సంగతి దాచేవాడు కూడా పక్కింటి సంగతి దాచడు! గోదావరి జిల్లాల్లో పందేలు కాసేవాళ్లు టీ కొట్టు దగ్గర కూర్చుని చేసేది సరిగ్గా ఇదే. అయితే ఒకసారి గెలిచినంతమాత్రాన ఇదే గొప్ప పద్ధతి అని నేను ఒప్పుకోను.

సర్వే తప్పితే ఏమవుతుందో మనకీ తెలుసు. 'ఆంధ్రా ఆక్టోపస్' లగడపాటి రాజగోపాల్ 2018లో తెలంగాణలో, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో చెప్పిన అంచనాలు రెండూ తలకిందులయ్యాక ఇక సర్వేలు చేయనని ప్రకటించారు. 2024 జూన్ 4న యాక్సిస్ మై ఇండియా ప్రదీప్ గుప్తా టీవీ లైవ్‌లోనే కన్నీళ్లు పెట్టుకున్నారు.

సెల్జర్ విషయం ఇంకాస్త ముందుకెళ్లింది. నవంబర్‌లోనే ఎన్నికల సర్వేల నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించింది. అది ఏడాదికి ముందే తీసుకున్న నిర్ణయమని చెప్పింది. తన సర్వే వివరాలు బయటపెట్టి, ఎక్కడ పొరపాటు జరిగి ఉండొచ్చో వెతికింది. ఇదీ కారణం అని వేలు పెట్టి చూపించదగ్గది ఒక్కటీ దొరకలేదు. డిసెంబర్‌లో ట్రంప్ ఆవిడ మీదా, పత్రిక మీదా దావా వేశాడు. ఏ చట్టం కిందో తెలుసా? అయోవా వినియోగదారుల మోసం చట్టం. అంటే నకిలీ సరుకు అమ్మినవాళ్ల మీద వేసేది.

నాకు భయం పుట్టించింది ఓటమి కాదు, ఈ దావా. రేపు 2028లో ఇంకో చిన్న సంస్థ చేతికి అందరికీ భిన్నమైన అంకె వస్తుంది. ఒకవైపు ట్రోలింగ్, ఇంకోవైపు లాయర్ ఫీజు. అచ్చేస్తారా? మూలన పడేస్తారా? పడేస్తే మనకి తెలిసే దారి కూడా లేదు. ఆ అంకె నిజమే కావచ్చు కూడా.

సరే, ఇప్పుడు మీ ఫోన్‌లో తిరుగుతున్న 2028 కార్డుల సంగతి. 2007లో కూడా ఇలాంటివి బోలెడు వచ్చాయి. రిపబ్లికన్లలో రూడీ గియులియానీ, డెమొక్రాట్లలో హిల్లరీ క్లింటన్ ముందున్నారు. ఆ ఇద్దరిలో ఒక్కరికీ టికెట్ రాలేదు. ఇంత ముందు చేసే సర్వేలో తేలేది ఎవరి పేరు జనానికి తెలుసన్నదే. ఉపాధ్యక్షుడి పేరు తెలియనివాళ్లు ఎవరుంటారు? కార్డు వచ్చినప్పుడు నేను మొదట చూసేది ఎంతమందిని అడిగారు, ఏ తేదీల్లో అడిగారు అన్నది. తర్వాత అభ్యర్థుల పేర్లన్నీ దాటేసి కిందికెళ్లి 'ఇంకా తేల్చుకోలేదు' అన్న వరస చూస్తాను. కార్డుల్లో ఆ వరస వెయ్యరు. సర్వే చేసిన సంస్థ సైట్‌లో ఉంటుంది, వెతకండి.