పశ్చిమ ప్రకాశంలో బోరుబావుల మూసివేత: ఎక్కడ, ఎందుకు, ఎలా?

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో బోరుబావి తవ్వకంపై ఉన్న శ్రద్ధ దాని మూసివేతపై కనిపించదు. నీరు పడని బోరును అలాగే వదిలివేయడం, పడిన బోరులో అన్ని లోతుల నీటినీ కలిపి తోడడం సాధారణమైపోయింది. నిజానికి గట్టిరాతి నేలల్లో ఏ పగులును తెరిచి ఉంచాలి, దేనిని మూయాలి అన్న నిర్ణయమే నీటి పరిమాణాన్ని, నాణ్యతను కాపాడుతుంది.

శిలల స్వభావం

ఈ ప్రాంతం కడప శిలాసముదాయంలోని నల్లమల వర్గానికి చెందినది. మార్కాపురం పలకలకు ఆధారమైన పలకరాయి, ఫిల్లైట్, క్వార్ట్జైట్ శిలలు ఇక్కడ విస్తారంగా ఉన్నాయి. ఇవి ముడతలు పడి ఏటవాలుగా నిలిచిన శిలలు. వీటి గర్భంలో ఇసుక పొరల్లో వలె నీరు సమంగా వ్యాపించి ఉండదు. పైనున్న శిథిల పొరలోను, దిగువన పగుళ్లలోను మాత్రమే నిలుస్తుంది. కేసింగ్ గొట్టం శిథిల పొర వరకే దిగుతుంది. దాని కింది భాగమంతా గొట్టం లేని రంధ్రమే. అంతవరకు వేర్వేరుగా ఉన్న పగుళ్లను ఈ రంధ్రం ఒకదానితో ఒకటి కలుపుతుంది. పై పగులులోని నీటిమట్టం కింది పగులు పీడనమట్టం కంటే ఎత్తుగా ఉంటే, మోటారు నడవకపోయినా పైనీరు కిందికి జారుతూనే ఉంటుంది. విఫలమైన బోరు సమీపంలోని దిగుడుబావి ఎండిపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఫ్లోరైడ్ ఉన్నచోట

భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా తొలిసారి వెల్లడించిన 1937 నాటి నివేదిక అప్పటి నెల్లూరు జిల్లాకు సంబంధించినది. ఆ జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు, కర్నూలు జిల్లాలోని మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మి.గ్రా. మించరాదని, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మి.గ్రా. వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం నిర్దేశిస్తోంది.

ఒక బోరులో పై పగులు సెకనుకు 2 లీటర్ల నీటిని 0.8 మి.గ్రా. ఫ్లోరైడ్‌తోను, కింది పగులు 1 లీటరు నీటిని 3.5 మి.గ్రా. ఫ్లోరైడ్‌తోను ఇస్తున్నాయని అనుకుందాం. కలిసిన నీటిలో ఫ్లోరైడ్ 1.7 మి.గ్రా. అవుతుంది. కింది పగులును మూస్తే మూడో వంతు నీరు తగ్గినా, మిగిలినది తాగడానికి యోగ్యమవుతుంది. మిరప పొలానికో, పండ్లతోటకో మాత్రమే ఆ నీరు వాడేవారికి ఈ నష్టం భారంగా తోచవచ్చు. అదే బోరు ఇంటి అవసరాలనూ తీరుస్తుంటే లెక్క మారుతుంది.

లోతు పెరిగిన కొద్దీ ఫ్లోరైడ్ పెరుగుతుందని అన్నిచోట్లా చెప్పలేం. కనుక తవ్వేటప్పుడే నీరు తగిలిన ప్రతి లోతును, అక్కడి నీటి రాకను, విద్యుత్ వాహకతను నమోదు చేయాలి. అప్పుడు తీసే నమూనాలో పైనీరు కూడా కలిసి ఉంటుందని మరువరాదు. పాత బోరులో రబ్బరు ప్యాకర్లను దించి, గాలితో ఉబ్బించి, ఒక్కొక్క భాగాన్ని వేరుచేసి నమూనా తీయడం నమ్మదగిన పద్ధతి.

మూసివేత విధానం

1. పైభాగం: కేసింగ్‌కు, రంధ్రపు గోడకు మధ్య ఖాళీని మట్టితో నింపితే మురుగునీరు, ఎరువుల అవశేషాలు లోనికి దిగుతాయి. ఆ ఖాళీని సిమెంటు పాలతో నింపాలి. బెంటోనైట్ బంకమట్టి తడిలో ఉబ్బి గట్టిగా పట్టుకుంటుంది, ఎండితే నెర్రెలిస్తుంది. వేసవిలో నీటిమట్టం బాగా పడిపోయే ఈ ప్రాంతంలో పైభాగానికి సిమెంటే మేలు.

2. అడుగుభాగం: వదిలివేయదలచిన పగులు దిగువన ఉంటే, రంధ్రాన్ని అడుగు నుంచి శుభ్రమైన కంకరతో ఆ పగులు కిందివరకు నింపి, పగులుకు ఎదురుగాను, దానిపైన కొన్ని మీటర్ల వరకు సిమెంటు పాలు పోయాలి. వీటిని పైనుంచి గుమ్మరిస్తే నీటిలో విడిపోతాయి. సన్నని గొట్టాన్ని అడుగుదాకా దించి కిందినుంచి పైకి నింపాలి. ఆరున్నర అంగుళాల బోరులో 10 మీటర్ల పొడవుకు సుమారు 214 లీటర్లు కావాలి. 50 కిలోల బస్తాకు 25 లీటర్ల నీరు కలిపితే దాదాపు 40 లీటర్లు వస్తుంది. అంటే ఆరు బస్తాలు, పగుళ్లలోకి పోయేది అదనం. మోటారు ఈ మూతకు పైనే ఉండాలి.

3. విఫలమైన బోరు: పిల్లలు పడి మరణిస్తున్న ప్రమాదాల నేపథ్యంలో సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం విడిచిపెట్టిన బోరును అడుగు నుంచి నేలమట్టం వరకు బంకమట్టి, ఇసుక, రాళ్లు, తవ్వినప్పుడు వచ్చిన రాతిపొడి వంటివాటితో నింపాలి. ప్రాణరక్షణకు ఇది చాలు. అయితే ఇసుక, రాళ్ల సందుల్లో నీరు కదులుతూనే ఉంటుంది. జలరక్షణ కూడా కావాలంటే పగుళ్ల మధ్యనున్న గట్టిరాతి భాగాల్లోను, నేల సమీపంలోను సిమెంటు మూతలు తప్పనిసరి.

పరిమితులు

శిలలు ఏటవాలుగా ఉన్నందున మూసిన పగులులోని నీరు మరొక పగులు ద్వారా తిరిగి చేరవచ్చు. సిమెంటు తాకిన నీటిలో కొంతకాలం క్షారత హెచ్చుగా ఉంటుంది. అందువల్ల కొంత నీటిని తోడివేసిన తర్వాతనే నమూనా తీయాలి. వర్షాకాలం ముగిశాక ఒకసారి, వేసవిలో మరొకసారి పరీక్షించాలి. ఫ్లోరైడ్ తగ్గలేదని తేలితే ఆ నీటిని తాగడానికి వాడరాదు.

విస్తరణ శాస్త్రవేత్తలు బోరు స్థలం చూపడంతో తమ సలహాను ముగించరాదు. పగుళ్ల లోతుల పట్టికను రైతు చేత భద్రపరచించడం, బోరు విఫలమైతే రిగ్గు కదిలేలోపే దానిని మూయించడం కూడా అందులో భాగం కావాలి. రిగ్గు వెళ్లిపోయాక ఆ రంధ్రానికి బాధ్యులు దొరకరు.