పొగ ఎవరిదో తేలేలోపు

నవంబరు చలి మొదలయ్యాక ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్ పీజీల్లో ఉండి సివిల్స్‌కు చదివే మన పిల్లలు పొద్దున లేవగానే చూసేది గాలి అంకె. 2024 నవంబరు 18న కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో ఢిల్లీ ఏక్యూఐ 494. అదే రోజు ఓ విదేశీ యాప్‌లో వెయ్యి దాటింది. మండలిది 24 గంటల సగటు, పైగా దాని కొలబద్ద 500తోనే ఆగిపోతుంది. రెండోది ఆ గంటకు, వేరే పద్ధతిలో కట్టిన లెక్క. ఇంత సూటిగా విడమరిచి చెప్పే సర్కారీ గొంతు మాత్రం వినపడదు. సివిల్స్ అభ్యర్థి గది చాలాచోట్ల కిటికీ లేని అర. తలుపు సందులో తడిగుడ్డ. గోడమీద చార్టులో, కాలుష్యం పెరిగేకొద్దీ ఆంక్షలు బిగించే గ్రాప్ ప్రణాళిక దశలు: 201కి ఒకటి, 301కి రెండు, 401కి మూడు, 450 పైన నాలుగు.

గాలికి హద్దుల్లేవు, ప్రకటనలకు ఉన్నాయి. 2017 నవంబరులో ఢిల్లీ ముఖ్యమంత్రి కేజ్రీవాల్ నగరాన్ని గ్యాస్ చాంబర్ అన్నారు. పంజాబ్ ముఖ్యమంత్రి అమరీందర్ సింగ్‌తో ఆయన వాదులాట ట్విట్టర్‌లోనే సాగింది. 2022లో పంజాబ్ కూడా కేజ్రీవాల్ పార్టీ చేతికొచ్చింది. ఆ నవంబరులో పంజాబ్ కొత్త ముఖ్యమంత్రి భగవంత్ మాన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, బాధ్యత మాదే, ఏడాది గడువివ్వండి అన్నారు. పొగ అదే, పొలాలు అవే.

ఈ గొడవలో అంకెలు ఎలా వాడతారో తేటతెల్లమైంది 2021 నవంబరులో, సుప్రీంకోర్టులో. అప్పటి ప్రధాన న్యాయమూర్తి మన ఎన్.వి. రమణ. ఇంట్లో కూడా మాస్కులు పెట్టుకుంటున్నామని ఆయన బెంచి మీదనుంచే వాపోయారు. కాలుష్యంలో వరి కొయ్యకాళ్ల పొగ వాటా పది శాతమేనని కేంద్రం తరఫున సొలిసిటర్ జనరల్ చెప్పారు. అఫిడవిట్‌లో ఒకచోట చలికాలంలో 4 శాతం, ఇంకోచోట అక్టోబరు-నవంబరుల్లో 35 నుంచి 40 శాతం. కోర్టును తప్పుదోవ పట్టించారంటూ టీవీల్లో గోల లేచింది. నిజానికి రెండూ సరైనవే కావచ్చు. ఒకటి సీజను మొత్తానికి సగటు, రెండోది మంటలు ముమ్మరంగా ఉండే కొద్ది వారాలది. ఏ కాలానికి లెక్కో చెప్పకుండా అంకె విసిరితే, రైతును తిట్టాలనుకున్నవాడు పెద్దది ఏరుకుంటాడు, ఢిల్లీ బళ్లనూ ఫ్యాక్టరీలనూ తిట్టాలనుకున్నవాడు చిన్నది. ప్రజలకు జరిగిన అసలు అన్యాయం అదీ. డిసెంబరు 3న ఉత్తరప్రదేశ్ తరఫు లాయరు మురికిగాలి పాకిస్థాన్ నుంచి వస్తోందన్నారు. అయితే పాకిస్థాన్ పరిశ్రమలను మూయించమంటారా అని రమణ అడిగారు.

రైతు ఎందుకు తగలబెడతాడో ఏ ప్రభుత్వమూ టీవీలో ఓపిగ్గా చెప్పదు. భూగర్భజలం కాపాడాలని పంజాబ్, హర్యానాలు 2009లో చట్టాలు చేసి నాట్లను జూన్‌కు జరిపాయి. మంచి ఉద్దేశమే. కానీ కోత అక్టోబరు చివరికి జరిగింది. గోధుమ విత్తడానికి మిగిలేది కొద్ది రోజులే. కోత మిషన్ వదిలిన కొయ్యకాళ్లకు అగ్గిపుల్లకన్నా చవకైన దారి అతనికి దొరకలేదు. సరిగ్గా అప్పటికే గాలులు నెమ్మదిస్తాయి.

2024లో లాహోర్ అంకె కూడా వెయ్యి దాటింది. పాక్ పంజాబ్ ముఖ్యమంత్రి మరియం నవాజ్ వాతావరణ దౌత్యం అంటూ మాన్‌కు లేఖ రాస్తానన్నారు. లాహోర్ వాళ్లూ ఢిల్లీ వాళ్లూ పొగ మా పంజాబ్‌దేనంటున్నారు, అది గుండ్రంగా తిరుగుతోందా అని మాన్ ఎకసెక్కెమాడారు. బదులివ్వాల్సిన చోట అలా నవ్వించి తప్పుకోవడం నాకు మింగుడుపడలేదు. ఇండోనేసియా కూడా 2013లో ఇలాగే చేసింది. అడవుల పొగతో ఉక్కిరిబిక్కిరైన సింగపూర్‌ను, చిన్నపిల్లల్లా ప్రవర్తిస్తోందని ఇండోనేసియా మంత్రి ఒకరు విసుక్కున్నారు. మరుసటి ఏడాదే సింగపూర్ హద్దు దాటే పొగపై చట్టం చేసుకుంది.

నెపం నెట్టుకోవడం ఓల్డ్ రాజిందర్ నగర్‌కు కొత్త కాదు. 2024 జులై 27న ఇక్కడి కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోకి వరద దూకి ముగ్గురు చనిపోయినప్పుడూ ఇదే చూసింది. రేపు కలెక్టర్లయి ప్రెస్‌నోట్ల మీద సంతకాలు పెట్టేదీ ఈ గదుల్లోవాళ్లే. పొగ ఎంత, ఎటునుంచి, ఎన్నాళ్లు, ఆస్తమా ఉన్న పిల్లను ఇవాళ బడికి పంపాలా వద్దా: ఆ నోట్లో ఇవి ముందు రావాలి, పక్క రాష్ట్రం పేరు తర్వాత.

హద్దులు దాటే వాయుకాలుష్యంపై దక్షిణాసియా దేశాలు 1998లోనే మాలె ప్రకటన చేశాయి, భారత్, పాకిస్థాన్ రెండూ అందులో ఉన్నాయి. అమృత్‌సర్‌కూ లాహోర్‌కూ మధ్య దూరం 50 కిలోమీటర్లు. ఆ రెండు ఊళ్ల గాలి అంకెలను రోజూ ఒకే కాగితం మీద అచ్చువేయడానికి కొత్త ఒప్పందమేదీ అక్కర్లేదు.