ట్రాలీలో చవక, కూరలో ఎంత?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కిలోక్యాలరీల భోజనంలో కూరగాయలే 400 గ్రాములు ఉండాలి. నలుగురు పెద్దలున్న ఇంటికి రోజుకు కిలోన్నర పైమాటే. అందుకే కూరగాయల ధర చిన్న విషయం కాదు. ఖర్చు పెరిగితే ముందు కోత పడేది కంచంలో కూరకే.

రిలయన్స్ ఫ్రెష్ సూపర్‌మార్కెట్ తొలి దుకాణాలు తెరుచుకున్నది 2006లో హైదరాబాద్‌లోనే. అంతకు ఏడేళ్ల ముందు, 1999లోనే, రైతు బజార్లు వచ్చాయి. అక్కడ ఏ రోజు ధరలు ఆ రోజు బోర్డు మీద రాసి పెడతారు. సూపర్‌మార్కెట్‌లో చవకో కాదో తేల్చుకోవడానికి అంతకంటే మంచి కొలబద్ద లేదు.

ఆఫర్ రోజున టమాటా, ఉల్లి లాంటి ఒకటి రెండు రకాలు బాగా తగ్గించి అమ్ముతుంటారు. వాటిని తప్పకుండా కొనాల్సిందే. కానీ పక్కనున్న క్యాప్సికమ్, బేబీ కార్న్ కూడా అంతే చవకని ట్రాలీ నింపేస్తే మిగిలిందంతా అక్కడే పోతుంది. ధర చీటీని నిదానంగా చదవాలి. 250 గ్రాముల ప్యాకెట్ 18 రూపాయలంటే చవకగానే అనిపిస్తుంది, కానీ కిలో లెక్కన 72 అవుతుంది. పైగా ప్లాస్టిక్ కవరు లోపల నీటి చెమ్మ కనిపిస్తే ఆ కూర ఎక్కువ రోజులు నిలవదు.

విడిగా పోసిన చోట ఏరుకోవచ్చు, సూపర్‌మార్కెట్‌లో నిజమైన లాభం అదే. బెండకాయ కొస విరిస్తే టక్కున తెగాలి, వంగిందంటే ముదిరిందన్నమాట. సొరకాయ తొక్కలో గోరు తేలిగ్గా దిగాలి. పచ్చబారిన బంగాళాదుంపను ఎంత చవకైనా ముట్టుకోకూడదు. బీరకాయ లేతదైతే పొట్టు కూడా పచ్చడికి పనికొస్తుంది, ఒక్క కాయతో రెండు వంటకాలు.

2023 జులైలో మదనపల్లె మార్కెట్లోనే టమాటా కిలో 150 దాటింది. అప్పుడు పప్పుకు పులుపు గోంగూరో చింతపండో ఇచ్చింది. ఏం వండాలో ఇంట్లోనే ఖాయం చేసుకుని వెళ్లడం కంటే, చవకగా ఉన్నదాన్ని చూసి వంట నిర్ణయించుకోవడం మేలు.

తెచ్చాక వండే వరుస కూడా ముఖ్యమే. తోటకూర, పాలకూర మొదటి రెండు రోజుల్లో వండేయాలి. తర్వాత బెండ, వంకాయ, బీర. కాబేజీ, దోసకాయ, కంద వారం చివరికి ఉంచుకోవచ్చు.