యంత్రము వెనుకనున్న కూలివారు

కృత్రిమమేధ యను మాట యిప్పుడు పల్లెలయందును వినబడుచున్నది. నోటిమాటతో ప్రశ్నించిన ఫోను బదులు చెప్పుచున్నది. ఆకు ఫొటో చూపిన తెగులు పేరు చెప్పుచున్నది. ఈ విద్య యంత్రమునకు తనంత తా నబ్బినది కాదు. దానికి చదువు చెప్పినవారు మనుష్యులు. వారిలో పెక్కుమంది మిక్కిలి స్వల్పమైన కూలికి పనిచేసినవారు. కూలి కష్టము నెరిగిన రైతుసోదరులకు ఈ సంగతి తెలియుట యవసరమని తలచుచున్నాము.

1770లో వియన్నా నగరమున కెంపెలెన్ అను నాతడు చదరంగమాడు బొమ్మ నొకదానిని ప్రదర్శించెను. అది తురుష్క వేషము ధరించి యుండెను. యంత్రమే యాడుచున్నదని జనులు విస్మయమొందిరి గాని, పెట్టెలోపల నేర్పరియైన యాటగాడు దాగియుండెను. 2005లో అమెజాన్ కంపెనీ తన యంతర్జాలపు పనుల సంతకు ‘మెకానికల్ టర్క్’ అని యా బొమ్మ పేరే పెట్టెను. పని యిచ్చువారు పెద్దపనిని చిన్నచిన్న తునుకలుగా జేసి యందుంచెదరు. ఈ ఫొటోలో నున్నది కుక్కయా, పిల్లియా? ఈ ధ్వనిలోని మాటలెవ్వి? ఇట్టి తునుకలకు పెక్కింటికి ముట్టునది కొన్ని సెంట్లు మాత్రమే.

ఈ తునుకలనుండియే మహాకార్యములు జరిగినవి. 2007లో ఆచార్యురాలు ఫెయ్-ఫెయ్ లీ ప్రారంభించిన ‘ఇమేజ్‌నెట్’ అను చిత్రభాండారమునందు 1,40,00,000కు మించిన చిత్రములు గలవు. వానికి పేర్లు గుర్తించినవారు 167 దేశములకు చెందిన సుమారు 49,000 మంది. 2012లో ఆ చిత్రములపై జరిగిన పోటీయందు టొరంటో విశ్వవిద్యాలయమువారి యంత్రము ఘనవిజయ మొందినది మొదలు ఈ శాస్త్రము వేగము పుంజుకొన్నది.

కూలి మాట యేమి? 2018లో ప్రకటింపబడిన పరిశోధనమునుబట్టి ఆ సంతలోని కూలివారి నడిమి రాబడి గంటకు సుమారు 2 డాలర్లు. అమెరికా సమాఖ్య కనీసవేతనమగు 7.25 డాలర్లకు మించి యార్జించినవారు నూటికి నలుగురు. పని వెదకుకొను కాలమునకు కూలి లేదు. చేసిన పని నచ్చలేదని పని యిచ్చువాడు త్రోసివేయవచ్చును. అప్పుడు సొమ్ము ముట్టదు, పని మాత్రము వానియొద్దనే యుండును. ధాన్యము కాటావేయించుకొని, ధర యియ్యక, బస్తాలును మరలింపని వర్తకుని మన మేమందుము?

కెన్యా దేశపు నైరోబీ నగరమున, చాట్‌జీపీటీకి హింసను, అసభ్యతను గుర్తించుట నేర్పుటకై ఘోరమైన వ్రాతలను చదివి గుర్తులు పెట్టినవారికి గంటకు 1.32 మొదలు 2 డాలర్లవరకు ముట్టెననియు, ఒడంబడికలో గంటకు వ్రాయబడినది 12.50 డాలర్లనియు 2023లో టైమ్ పత్రిక బయల్పెట్టెను. దళారి చేతిలో ధర యెట్లు కరగునో రైతునకు వేరుగ చెప్పనక్కర లేదు.

ప్రతిక్రియలును లేకపోలేదు. 2008లో ‘టర్కాప్టికాన్’ అను సాధనము వెలసినది. పని యిచ్చువారిలో న్యాయపరు లెవరో, అన్యాయపరు లెవరో కూలివారు దానిద్వారా ఒకరికొకరు తెలుపుకొనిరి. బెంగుళూరి ‘కార్యా’ సంస్థ కర్ణాటక గ్రామములవారిచే కన్నడ వాక్యములు చదివించి, గంటకు సుమారు 5 డాలర్ల కూలి యిచ్చి, ఆ ధ్వనులు మరల విక్రయమైనప్పుడు రాయల్టీ యిచ్చు పద్ధతిని పెట్టినది. మన దేశపు 2020 సాంఘిక భద్రతా స్మృతి ‘ప్లాట్‌ఫారం కార్మికులు’ అను తరగతిని గుర్తించినది. అది 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. అయినను గుర్తింపు వేరు, గిట్టుబాటు కూలి వేరు.

యంత్రములు తెలుగు నేర్వవలెనన్న తెలుగువారి గొంతులే కావలెను. మన యిండ్ల యువతీయువకు లిట్టి పనికి పూనుకొనునపుడు నాలుగు ప్రశ్న లడుగవలెను: వెదకు కాలముతో గలిపి గంటకు రాబడి యెంత? పని త్రోసివేసిన కారణము చెప్పుదురా? మన గొంతుపై హక్కెవరిది? అది మరల అమ్ముడైన మనకు భాగము గలదా? పని యిచ్చుటకు ముందుగా డబ్బు కట్టుమనువారిని దరిచేరనీయరాదు.

ఒంటరిగా సంతకు పోయిన రైతు చెప్పిన ధరకే యమ్ముకొని వచ్చును. పదిమంది కలిసి పోయిననాడే బేరము కుదురును. పొలము పంటకు సహకార సంఘము నేర్పిన యీ పాఠము మాటల పంటకును వర్తించునని మా నమ్మకము.