తాళం పడని ఇంటికి వేలం పాట

ఎనుమాముల మార్కెట్లో పొద్దున్నే పలికే జెండా పాట గురించి వరంగల్ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మేలురకం మిర్చికో పత్తికో ఆ రోజు దక్కే గరిష్ఠ ధర అది. మిగతా బస్తాలు చాలావరకు దానికి కిందే తెగుతాయి. అప్పు తీరక బ్యాంకులు అమ్మకానికి పెట్టే ఇళ్ల వేలంలో ఈ వరస తిరగబడుతుంది. ముందే ప్రకటించిన రిజర్వు ధరే అక్కడ అట్టడుగు. పాట పైకి పోవాల్సిందే. ఎవరూ పాడకపోతే ధర తగ్గించి మళ్లీ ప్రకటన ఇస్తారు. మొదటిసారి 30 రోజుల గడువుండాలి, తర్వాత 15 రోజులు చాలు. అందుకే ఒకే ఇల్లు పేపర్లో రెండు మూడుసార్లు, తడవకో ధరతో కనిపిస్తుంది. కాస్త ఓపిక పడితే పోలా అనిపిస్తుంది. మీలాగే ఇంకో పదిమందికీ అనిపిస్తుంది మరి.

*

'వేలం' మన మాట కాదు. పోర్చుగీసు వర్తకులతో ఓడ దిగిన 'లెయిలావ్' ఇక్కడ వేలం, తమిళంలో ఏలం అయింది. తెలంగాణ ఊళ్లలో ఇప్పటికీ వినిపించే 'హర్రాజు' అరబ్బీది, ఉర్దూ మీదుగా వచ్చింది. 'పాట' మాత్రం అచ్చంగా మనదే. ధర చెప్పడాన్ని పాడటం అన్న మహానుభావుడెవరో గానీ, చెవికింపైన సంగీతం మాత్రం అందులో ఎప్పుడూ లేదు. మహేష్‌బాబు సినిమా 2022లో వచ్చింది గానీ, వేలం మొదలుపెట్టే అధికారి 'సర్కారు వారి పాట ఇంత' అని అరవడం అంతకు చాలా ముందునుంచీ ఉన్నదే.

*

బ్యాంకు వేలాలన్నిటి వెనకా ఉన్నది 2002 నాటి సర్ఫేసీ చట్టం. దాని అసలు బలం, కోర్టు మెట్లెక్కకుండానే తాకట్టు ఇంటిని అమ్ముకోనివ్వడం. ముందు 60 రోజుల నోటీసు, ఆ తర్వాత స్వాధీనం, ఆపైన వేలం. అప్పు పోగా మిగిలిన సొమ్ము ఇంటివాళ్లకే ఇవ్వాలి. ఈ సంగతి ఇంటివాళ్లలోనే చాలామందికి తెలియదు.

సాగుభూమి జోలికి ఈ చట్టం పోదు. అలాగని పాస్‌బుక్కులో వ్యవసాయ భూమి అని ఉంటే సరిపోదు. తాకట్టు పెట్టేనాటికి అక్కడ నిజంగా సాగు జరుగుతుండాలని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. అది తెలంగాణ నుంచి వెళ్లిన కేసే.

*

ప్రకటన రెండు పేపర్లలో రావాలి, ఒకటి స్థానిక భాషలో. తెలుగు ప్రకటన చివర అగ్గిపెట్టెంత చోటులో 'ఎక్కడ ఉన్నది అక్కడ, ఎలా ఉన్నది అలా' అన్న ముక్క ఉంటుంది. ధర తక్కువెందుకో తెలియాలంటే చదవాల్సింది దాన్నే. గోడ బీటలు వారినా, పక్కవాడు రెండు గజాలు జరిగినా, పన్ను బకాయి ఉన్నా బ్యాంకు పూచీ పడదు. పాత కరెంటు బకాయిని కూడా కొన్నవాడి దగ్గర వసూలు చేసుకోవచ్చని 2023 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. నన్నడిగితే రిజర్వు ధర పక్కన ఈ ఖర్చులన్నీ పెన్సిల్‌తో రాసుకుని కూడితే గానీ ఇంటి ధర తెలియదు.

*

ఏడాది కిందట నేనూ మా బావమరిదీ హన్మకొండలో ఓ ఇల్లు చూడబోయాం. ప్రకటనలో 'సింబాలిక్ పొసెషన్' అని ఉంది, మేం పట్టించుకోలేదు. గేటు పక్కన మైదాపిండితో అంటించిన నోటీసు ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది. దాని కిందే తడి ఆరని ముగ్గు. లోపల కుక్కర్ విజిలేసింది. బావమరిది నా మోచెయ్యి పట్టుకుని, 'పోదాం పా బావా' అన్నాడు, గొంతు తగ్గించి.

సింబాలిక్ అంటే కాగితం మీది స్వాధీనం. ఇంట్లో మనుషులు అలాగే ఉంటారు. వాళ్లను ఖాళీ చేయించాలంటే బ్యాంకు జిల్లా మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవాలి. 2021 నుంచి హన్మకొండ, వరంగల్ వేరువేరు జిల్లాలు కాబట్టి వీధిని బట్టి కలెక్టర్ మారతారు. ఉత్తర్వు 30 రోజుల్లో, ఆలస్యమైతే 60 రోజుల్లో రావాలని చట్టంలో ఉంది. ఇంటివాళ్లు 45 రోజుల్లోగా రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. అది హైదరాబాద్‌లో. అక్కడ ఓడితే అప్పీలు కోల్‌కతాలో! కాజీపేటలో రైలెక్కి ఎంత దూరమో లెక్కేసుకోండి.

*

ఇప్పుడు పాట ఫోన్‌లోనే. సాధారణంగా రిజర్వు ధరలో పదోవంతు ముందే కట్టాలి. ఆఖరి నిమిషంలో ఎవరైనా పాడితే గడియారం ఇంకో అయిదు పది నిమిషాలు ముందుకు జరుగుతుంది. ఒకటోసారి, రెండోసారి అనే మనిషి లేడు. పాట మీకు ఖాయమైతే ఆ రోజో, మర్నాటి పనిదినానికో 25 శాతం నిండాలి. మిగతా 75 శాతానికి 15 రోజులు; గడువు పొడిగించినా మూడు నెలలు దాటదు. లోను దొరకలేదని ఆగిపోతే కట్టిన పాతిక శాతమూ గోవిందా. 2024లో సుప్రీంకోర్టు దీన్నే ఖాయం చేసింది.

*

కోర్టు డిక్రీ వేలాలది ఇంకో దారి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ జప్తును ఇంటి దగ్గర డప్పు కొట్టి చాటించమంటుంది. వంట గిన్నెలు, పరుపులు, కట్టుబట్టలు, ఆచారం ప్రకారం ఆడవాళ్లు తీయకూడని నగలు జప్తుకు పనికిరావు. అంటే మంగళసూత్రం భద్రం. చేతివృత్తివాడి పనిముట్లు, రైతు ఎడ్లు, విత్తనాలు కూడా అంతే. వేలమయ్యాక కూడా బాకీదారు గడువులోపు సొమ్ము కట్టి ఇల్లు దక్కించుకోవచ్చు. అయితే పాడినవాడికి పాట మొత్తం మీద 5 శాతం అదనంగా ఇవ్వాలి. చేతికందిన ఇల్లు జారినందుకు పరిహారమన్నమాట.

*

మన పిల్లలు గుంపులుగా స్థిరపడ్డ డాలస్ వైపు, టెక్సస్ చట్టం ప్రకారం, తాకట్టు ఇళ్ల వేలం నెలలో మొదటి మంగళవారమే జరగాలి, పొద్దున 10కీ సాయంత్రం 4కీ మధ్య. జనవరి 1, జులై 4 మంగళవారం పడితేనే బుధవారానికి జరుగుతుంది. అక్కడున్న మా తమ్ముడు ఫోన్‌లో ఈ సంగతి చెబుతుంటే పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా పెద్దమ్మ తలెత్తింది. 'మంగళారం నాడు ఇల్లు కొంటరా బిడ్డా?'